మేడ మీద కొత్త గది: ఏసీ కోసం చిట్టీ ఎత్తాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంటెంట్‌ని, జీతం 28 వేలు. నిరుడు మేడ మీద 12×14 అడుగుల గది వేశాం. అందుకు ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి లక్షన్నర తెచ్చాం. ఇంటర్ చదివే మా బాబు ఎండాకాలమంతా ఆ గదిలో కూర్చోలేకపోయాడు. లక్ష రూపాయల చిట్టీ ఒకటి కడుతున్నాను, 20 నెలలది, ఇప్పుడు ఏడో నెల. పాట 24 వేల దగ్గర పోతోంది. అది ఎత్తి ఏసీ, ఫాల్స్ సీలింగ్ పెట్టించాలని ఉంది. బ్యాంకులో 40 వేలున్నాయి. కరెంటుకు జీరో బిల్లు వస్తుంది. ఏమంటారు?

జవాబు: ఇప్పుడు ఎత్తకండి. 24 వేలు వదులుకుంటే చేతికొచ్చేది 76 వేలు. ఆ తర్వాత ఇంకా 13 వాయిదాలు కట్టాలి. అటు బంగారం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏసీ కోసం ఇంత నష్టానికి పాడాల్సిన అవసరం లేదు.

అసలు లెక్క కరెంటు బిల్లులో ఉంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న తెలంగాణ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటనంత వరకే జీరో బిల్లు. దాటితే పైన వాడిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. మీ ఇంటికి ఎండాకాలం నెలకు 130 యూనిట్లు అనుకుందాం. టన్నున్నర ఏసీ సగటున గంటకు ఒక యూనిట్ తాగుతుంది. రోజుకు ఏడు గంటలంటే నెలకు 210, అన్నీ కలిపి 340. మొదటి 200కి రూ.5.10 చొప్పున 1,020, తర్వాతి వందకు రూ.7.70 చొప్పున 770, మిగతా 40కి 9 రూపాయల చొప్పున 360. ఫిక్స్‌డ్ చార్జీలు కాకుండానే 2,150. సున్నా కట్టే ఇంటికి ఇది కొత్త ఈఎంఐ లాంటిదే. షాపువాళ్లు 'జీరో వడ్డీ' అంటారు గానీ ఈ సంగతి చెప్పరు.

ఇంతకీ గది ఎందుకు కాలుతోంది? కింది గదులకు మీ పైగది గొడుగు. పైగదికి గొడుగు లేదు. నల్లగొండ జిల్లాలో 44 డిగ్రీలు కొత్తేం కాదు. పగలంతా ఎండ పీల్చుకున్న స్లాబ్ రాత్రి దాకా ఆ వేడిని లోపలికి వదులుతుంది. రాత్రి ఎనిమిదింటికి చెయ్యెత్తి సీలింగ్‌ను తాకి చూడండి, తెలుస్తుంది. ఏసీ పెట్టినా సగం కరెంటు ఆ వేడిని తరమడానికే పోతుంది.

కాబట్టి మొదటి ఖర్చు స్లాబ్ మీద పెట్టండి. గోడల మందంతో కలిపి స్లాబ్ 210 చదరపు అడుగులు ఉంటుంది. ఎండను వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలకు కూలితో సహా అడుగుకు 30 రూపాయలనుకున్నా 6,300. లోపల రెండు నుంచి నాలుగైదు డిగ్రీల తేడా ఆశించవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. 600 గజాల లోపు ఇళ్లకు అది తప్పనిసరి కాదు, మనకోసం మనం చేసుకోవాల్సిందే. అంత కూడా వద్దనుకుంటే ఫెవికాల్ కలిపిన సున్నం కొట్టించండి. కాకపోతే వానలకు పోతుంది, ఏటా కొట్టించాలి. పడమటి కిటికీకి బయటి వైపు వెదురు తడక కట్టండి. లోపల ఎంత మంచి కర్టెన్ వేసినా, వేడి అద్దం దాటి వచ్చాక ఆగదు.

తర్వాత ఎయిర్ కూలర్, 9 వేలలో మంచిదే దొరుకుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే పొడి వేడి కాబట్టి బాగా పనిచేస్తుంది. కిటికీ తెరిచి పెట్టాలి, మూసేస్తే ఉక్కపోస్తుంది. రోజుకు పది గంటలు తిప్పినా నెలకు 50 యూనిట్లు. 130కి కలిపితే 180, జీరో బిల్లు నిలుస్తుంది. జూన్‌లో వానలు మొదలయ్యాక కూలర్‌తో లాభం ఉండదు, అప్పటికి అవసరమూ తగ్గుతుంది.

ఈ పనులన్నిటికీ 16 వేలు దాటదు. బ్యాంకులోని 40 వేల నుంచి తీసినా ఆపదకు 24 వేలు మిగులుతాయి. అది తక్కువే, నెలకు వెయ్యి చొప్పున నింపండి. ఫాల్స్ సీలింగ్ ఈ ఏడాది వద్దు.

చిట్టీని పదిహేనో నెల దాటాక, పాట దిగినప్పుడు ఎత్తండి. ఆ డబ్బుతో బంగారం అప్పు తగ్గించండి, ఏసీ మాట అప్పుడు చూద్దాం. పెయింట్ మాత్రం ఫిబ్రవరిలోనే వేయించండి. ఏప్రిల్ వచ్చిందంటే మేస్త్రీ దొరకడు, కూలర్ ధరా పెరుగుతుంది.