కంప్యూటర్ “లెగట్లేదు” అనవచ్చా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మేము ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుకుంటాము. విడిభాగాలు తెచ్చుకుని నేనూ మా అబ్బాయీ కలిసి ఒక కంప్యూటర్ బిగించుకున్నాము. పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కునే దీనికీ పెట్టాము. మీట నొక్కితే విండోస్ రాలేదు. విజయనగరంలో ఉన్న మా మేనల్లుడికి “కంప్యూటర్ లెగట్లేదురా” అని రాశాను. “పవర్ సప్లై పోయుంటుంది మావయ్యా, మార్చి చూడు” అన్నాడు. శ్రీకాకుళం వెళ్లి కొత్తది తెచ్చి బిగించినా మార్పు లేదు. చివరికి ఫొటో తీసి పంపితే, “తెర మీద అక్షరాలు వస్తున్నాయి కదా మావయ్యా, మరి లెగట్లేదంటావేంటి?” అన్నాడు. బూట్ అయ్యే పరికరం దొరకలేదని ఆ అక్షరాల అర్థం. సెట్టింగుల పేజీలో మాత్రం డిస్కు పేరు కనబడుతోంది. “లెగట్లేదు” అనడం తప్పా? “తెరుచుకోవడం లేదు” అనాలా? మా ఒడియా మిత్రులు “ఖోలుని” అంటారు. పత్రికల్లో “బూట్ అవ్వడం లేదు” అని కనిపిస్తుంది. అది “బూట్” అనాలా, “బూటు” అనాలా?

సమాధానం: “లెగట్లేదు” తప్పు కాదు. “లేచు” అనే ధాతువుకు ఉత్తరాంధ్రలోనూ, మహేంద్రతనయ నదికి అటు పాతపట్నంలోనూ ఇటు మీ ఊళ్లోనూ వాడుకలో ఉన్న రూపం అది. “లెగు”, “లెగిసింది”, “లెగలేదు” అని పుట్టినప్పటి నుంచి అంటున్న మనిషి యంత్రం దగ్గరకు వచ్చేసరికి ఆ మాటను దాచుకోవలసిన పని లేదు. పత్రికకో పుస్తకానికో రాసేటప్పుడు “లేవడం లేదు” అని రాయండి. “పిలుచు” ధాతువు “పిలవడం” అయినట్టు, “గెలుచు” ధాతువు “గెలవడం” అయినట్టు, “లేచు” ధాతువు “లేవడం” అవుతుంది. మేనల్లుడికి రాసే ఉత్తరంలో మాత్రం మీ మాటే ఉండనివ్వండి. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే. జనం నోట ఉన్న భాషకు రాతలో చోటు ఉండాలని ఆయన పట్టుబట్టిందీ, సవరలతో కలిసి కూర్చుని వారి భాషను వారి నోటి నుంచే నేర్చుకుని రాసిపెట్టిందీ అక్కడే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది కానీ, మీ ఇళ్లలోని క్రియాపదాలు ఏ సరిహద్దూ దాటిపోలేదు.

అయితే మీ మేనల్లుడు పొరబడటంలో కూడా అతని తప్పు లేదు. కంప్యూటర్ ఒక్కసారిగా లేవదు. అది లేవడంలో నాలుగైదు మెట్లు ఉన్నాయి. ఏ మెట్టు మీద ఆగినా మనం ఒకే క్రియ వాడితే వినేవాడు తనకు ముందుగా తోచిన మెట్టును ఊహించుకుంటాడు. అతను మొదటి మెట్టును ఊహించుకున్నాడు, మీరు మూడో మెట్టు మీద నిలబడి రాశారు. తెలుగులో ప్రతి మెట్టుకూ వేరు క్రియ ఉంది, దాన్ని ఎంచుకుని వాడటమే మనం చేయవలసినది.

ఈ జవాబు రాయడానికి ముందు, కంప్యూటర్లు బాగుచేసే ఒక దుకాణంలో రెండు సాయంత్రాలు కూర్చుని, వచ్చేవాళ్లు తమ యంత్రం గురించి ఏమని చెబుతున్నారో విన్నాను. ఎక్కువమంది “ఆన్ అవట్లేదు” అన్నారు. అది విన్న వెంటనే దుకాణంలో బాగుచేసే కుర్రవాడు ప్రతిసారీ ఒకటే అడిగాడు: “ఫ్యాను తిరుగుతోందా?” ఆ ఒక్క ప్రశ్నతో అతను వాళ్ల క్రియాపదాన్ని సరిచేసుకుంటున్నాడన్న మాట. ఫ్యాను తిరగకపోతే, దీపం వెలగకపోతే దానికి “వెలగడం లేదు” అనో “కరెంటు అందడం లేదు” అనో మనకు మాటలు ఉన్నాయి. అప్పుడు చూడవలసినవి పవర్ సప్లై వెనుక ఉన్న మీట, విడిభాగాలన్నీ తగిలించే పెద్ద పలకకు, అంటే మదర్‌బోర్డుకు, వచ్చే 24 పిన్నుల తీగ, పెట్టె ముందున్న మీట నుంచి వచ్చే రెండు సన్నని తీగలు. మీరు అన్న మాట విని మీ మేనల్లుడు వెళ్లింది ఇక్కడికే.

ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే దానికి “బొమ్మ రావడం లేదు” అనే మాట ఎంతో చక్కగా సరిపోతుంది. టీవీ కోసం మనం కల్పించుకున్న ఈ వాక్యాన్ని కంప్యూటర్‌కు వాడటానికి ఎందుకో వెనకాడుతున్నాము. ప్రాసెసర్‌కు వేరుగా ఇవ్వవలసిన 8 పిన్నుల తీగ పెట్టకపోయినా, ర్యామ్ పూర్తిగా కూర్చోకపోయినా, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండగా మానిటర్ తీగను మదర్‌బోర్డుకు తగిలించినా బొమ్మ రాదు. ఆ దుకాణంలో నాకు ఒక బోర్డు అంచున వరుసగా ఉన్న నాలుగు చిన్న దీపాలు చూపించారు. వాటి పక్కన సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని గోరంత అక్షరాలు ఉన్నాయి. యంత్రం ఒక్కొక్కదాన్నీ పరీక్షించుకుంటూ పోతుంది, ఎక్కడ ఆగితే ఆ దీపం వెలుగుతూ ఉండిపోతుంది. అప్పుడు డీర్యామ్ దీపం ఆరకుండా ఉంది. ఆ కుర్రవాడు ర్యామ్ పలకను తీసి, గాడి చూసుకుని, రెండు బొటనవేళ్లతో నొక్కాడు. “టక్” మని శబ్దం వచ్చాక దీపం ఆరింది, తెర మీద తయారీదారు గుర్తు వచ్చింది. “ఇప్పటిదాకా కూర్చోలేదండి” అన్నాడతను. నిజానికి ఆ పలక మూడు వంతులు లోపలికి వెళ్లే ఉంది. సాంకేతిక పదకోశాలు తయారుచేసేవారు ఈ “కూర్చోవడం” అనే క్రియను రాసుకోవాలని నా కోరిక, ఇంతకంటే సరైన మాటను ఏ సంస్కృత ధాతువు నుంచీ కట్టలేరు.

బొమ్మ వచ్చింది, తయారీదారు గుర్తు కనిపించింది, డిలీట్ మీటో ఎఫ్2 మీటో నొక్కితే సెట్టింగుల పేజీ కూడా వస్తోంది, విండోస్ మాత్రం రావడం లేదు. దీనికే “లేవడం లేదు” అనే మాటను ప్రత్యేకంగా ఉంచుకోవాలని నా అభిప్రాయం. అలా ఉంచుకుంటే మీ వాక్యం నూటికి నూరుపాళ్లు సరైనదవుతుంది. “బూట్” అనే ఇంగ్లీషు మాట పుట్టుక కూడా ఈ అభిప్రాయానికి బలమిస్తుంది. బూటు వెనుక భాగాన, తొడుక్కునేటప్పుడు పట్టి లాగడానికి ఒక పట్టీ ఉంటుంది. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకోవడం అనే జాతీయం దాని నుంచి వచ్చింది. ఒక చిన్న ప్రోగ్రాము తనకంటే పెద్దదాన్ని లోపలికి తెచ్చుకుని, అది మొత్తం వ్యవస్థను నిలబెట్టడం చూసి 1950లలో కంప్యూటర్లవారు ఆ మాటను తీసుకున్నారు. ఆ మాటలోనూ ఉన్నది లేవడమే. మీ ఇంట్లో “లెగట్లేదు” అన్నవారు ఇంగ్లీషు జాతీయాన్ని అనువదించలేదు, యంత్రాన్ని చూసి తమకు తోచిన క్రియ పలికారు, అది సరిగ్గా ఆ భావానికే చేరింది.

ఇక “తెరుచుకోవడం లేదు” సంగతి. ఒడియాలో “ఖోలుని” అనడం వారి భాషలో సహజమే. మన “తెరుచుకోవడం” మాత్రం తలుపు, పెట్టె, పుస్తకం, ఈనాడు ఫైలు, ప్రోగ్రాము వంటివాటికి సరిపోతుంది. విండోస్ వచ్చి, సంకేతపదం ఇచ్చి లోపలికి వెళ్లాక ఒక ప్రోగ్రాము రాకపోతే “తెరుచుకోవడం లేదు” అనాలి. మొత్తం యంత్రానికి ఆ మాట వాడితే వినేవాడు మిమ్మల్ని చివరి మెట్టు మీద ఊహించుకుంటాడు. ఒడియా నుంచే మీ వీధిలోకి వచ్చే “చాలు హెఉని” (మొదలవడం లేదు) విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే తెలుగు చెవికి “చాలు” అంటే సరిపోతుందని అర్థం. నిద్రాణస్థితిలో పెట్టిన కంప్యూటర్ మీట నొక్కినా స్పందించకపోతే అది లేవకపోవడం కాదు, “మేలుకోవడం లేదు” అనాలి. “ప్రారంభం కావడం లేదు” అనే మాటను నేను సిఫారసు చేయను. సభకు, పథకానికి అది బాగుంటుంది, ఇక్కడ ఏ మెట్టునూ చూపించదు.

మీరు అడగకపోయినా చెప్పవలసిన విషయం ఒకటి ఉంది. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. తెలుగు వ్యతిరేక రూపాలను ఇష్టం వచ్చినట్టు మార్చి రాయకూడదు. “లేవలేదు” అంటే ఫలానా సమయంలో జరగలేదని; ఆ తరువాత లేచిందేమో తెలియదు. “లేవడం లేదు” అంటే ఈ మధ్య ప్రయత్నించినప్పుడల్లా అదే పరిస్థితి అని. “లేవదు” అంటే ఉన్న ఏర్పాటులో అది ఎన్నటికీ జరగదని. “లేవలేకపోతోంది” అంటే ప్రయత్నం మొదలవుతోంది, మధ్యలో పడిపోతోంది అని. విండోస్ చుక్కలు గుండ్రంగా తిరిగి, నీలం తెర వచ్చి, యంత్రం మళ్లీ మొదటికి పోతుంటే ఈ చివరి రూపమే వాడాలి. బాగుచేసేవాడికి ఈ నాలుగూ నాలుగు వేర్వేరు కబుర్లు. ఒకసారి లేవలేదంటే వదులుగా ఉన్న తీగను అనుమానిస్తాడు, లేవదంటే అమరికను అనుమానిస్తాడు.

మీ యంత్రం విషయంలో సరైన రూపం “లేవదు” అని నాకు అనిపిస్తోంది. సెట్టింగుల పేజీలో డిస్కు పేరు కనబడుతోందని రాశారు కాబట్టి తీగలు బాగానే ఉన్నట్టు. పాత కంప్యూటర్లలోని డిస్కులు చాలావరకు ఎంబీఆర్ అనే పద్ధతిలో ఉంటాయి. లేపవలసిన చిన్న ప్రోగ్రాము అందులో డిస్కు మొట్టమొదటి 512 బైట్లలో ఉంటుంది, మీట నొక్కగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోనే ఉన్న ప్రోగ్రాము, అంటే పాత బయోస్, నేరుగా అక్కడికి వెళ్లి దాన్ని చదివేది. కొత్త మదర్‌బోర్డులలో దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ అలా చూడదు. ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన ఒక ప్రత్యేక విభాగంలో బూట్ ఫైలు కోసం వెతుకుతుంది. అది లేకపోతే డిస్కు కళ్లెదుట ఉన్నా బూట్ అయ్యే పరికరం లేదనే అంటుంది. కొన్ని బోర్డులలో, పాత బయోస్‌లా నడిపించే సీఎస్ఎం అనే అమరికను ఆన్ చేస్తే పాత పద్ధతిలోనూ లేస్తుంది. లేదా విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్‌టుజీపీటీ అనే సాధనంతో డిస్కును కొత్త పద్ధతికి మార్చుకోవచ్చు. ముందుగా అందులోని మీ ఫొటోలూ కాగితాలూ మరోచోటికి నకలు తీసుకున్న తరువాతే ఆ పని చేయించండి. ఇవేవీ వద్దనుకుంటే విండోస్‌ను కొత్తగా వేయించుకోవాలి. ఇక్కడ “వేయడం”, “ఎక్కించడం” రెండూ మంచి తెలుగు మాటలే, కానీ “విండోస్ ఎక్కడం లేదు” అంటే వేసే ప్రయత్నమే కుదరడం లేదని అర్థం. వేసి ఉన్నది రాకపోవడానికి ఆ మాట వాడకండి.

“బూట్ అవడం లేదు” అనడంలోనూ దోషం లేదు. పరభాషా పదానికి “అవు” చేర్చి అకర్మకంగా, “చేయు” చేర్చి సకర్మకంగా వాడుకోవడం తెలుగుకు పాత అలవాటు. యంత్రం బూట్ అవుతుంది, మనం దాన్ని బూట్ చేస్తాము. అది లేస్తుంది, మనం లేపుతాము. రాతలో “అవ్వడం” కంటే “అవడం”, “కావడం” అనేవి నాకు నచ్చుతాయి. బస్సు, కోర్టు, నోటు వంటి పాత మాటల చివర మనం ఉకారం చేర్చుకున్నాము, కాలికి తొడిగే బూటు ఆ కాలంలోనే వచ్చింది. దానితో కలవకుండా ఉండటానికి కంప్యూటర్ మాటను పొల్లుతో “బూట్” అనే రాయండి.

మేనల్లుడికి మళ్లీ రాసేటప్పుడు ఇలా రాస్తే అతను శ్రీకాకుళం పంపించడు: “ఒరే, ఫ్యాను తిరుగుతోంది, బొమ్మ వస్తోంది, సెట్టింగుల్లో డిస్కు పేరు కూడా ఉంది, విండోస్ మాత్రం ఎన్నిసార్లు చూసినా లెగదు.”