కుందేలు రెండో చెవి

అమ్మాయికి ఆశీస్సులు.

ఊలుతో కుందేలు బొమ్మ ఎలా అల్లాలో వరుసవరుసగా చెప్తూ నువ్వు రాసి పంపిన ప్యాటర్న్ చూస్తూ అల్లాను. మొదటి చెవి చక్కగా వచ్చింది. రెండో చెవి దగ్గరికొచ్చేసరికి "ఇలాగే, తగ్గింపులు తిరగేసి అల్లండి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు కోపం వచ్చింది.

మొదటి చెవికి వరుస మొదట్లో కుట్లు తగ్గించావు కాబట్టి దీనికి వరుస చివర తగ్గించాలి. అంతవరకూ ఎవరైనా ఊహిస్తారు. కానీ ఏ తగ్గింపు? రెండు కుట్లు కలిపి అల్లితే కుడికి వాలుతుంది. రెండూ ఒక్కొక్కటిగా జార్చుకుని, వెనక నుంచి కలిపి అల్లితే ఎడమకి వాలుతుంది. ఈ తేడా తెలియని మనిషి రెండు చెవులకీ ఒకటే వాడితే అంచులు జత కుదరవు. ఆమె నీ రాతని తప్పుపట్టదు. తనకే చేతకాలేదనుకుని సూదులు పక్కన పడేస్తుంది. నా బాధంతా అదే.

ప్రతి వరుసా రాయి. తగ్గించిన ప్రతిసారీ ఎన్ని కుట్లు మిగలాలో రాయి. నీ కుందేలు తలకి 32 కుట్లు. రెండు అల్లి రెండు కలుపుతూ పోతే 24. తర్వాతి తగ్గింపులో ఒకటి అల్లి రెండు కలిపితే 16. ఆపైన రెండేసి కలిపితే 8. అల్లేటప్పుడు నువ్వు లెక్కపెట్టుకునే ఉంటావు కదా, మరి రాయడానికేం?

చోటు చాలదని ఎవరైనా చెప్పారేమో. నాకూ చెప్పారు. కొత్తలో ఒక పత్రిక ఎడిటర్ నా ఏనుగుని ఒకే పేజీలో ఇరికించడానికి కుట్ల లెక్కలన్నీ కొట్టేసి, ఫోటో పెద్దది చేసుకున్నాడు. తొండం ఎక్కడ ఆపాలో తెలియక పాఠకులు నాకు ఉత్తరాలు రాశారు. ఒక్కొక్కరికీ ఆ వరుసలు చేత్తో రాసి పంపాను. ఆ తర్వాత లెక్కలు తీసేస్తామన్నవాళ్లకి ప్యాటర్న్ ఇవ్వలేదు. చాలాకాలం నా పేరు అచ్చులో కనబడలేదు, అయినా ఇవ్వలేదు. ఇప్పుడేమో వీడియో ఉంటే చాలంటున్నారు. వరుస మధ్యలో ఆగినవాళ్లు ఆ వీడియోలో ఎక్కడని వెతుక్కుంటారు?

"నచ్చిన సూదులు" అన్న మాట తీసెయ్. డీకే అనే మధ్యరకం మందం ఊలుతో స్వెటరైతే 4 మిల్లీమీటర్ల సూదులు సరే. బొమ్మకి 3 గానీ 3.25 గానీ కావాలి, లేకపోతే లోపలి దూది బయటికి కనిపిస్తుంది.

మూతి బాగా కుదిరింది. ధర ఎంత పెట్టాలన్న సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ గుండీ కళ్లు మార్చు. మూడేళ్లలోపు పిల్లలు వాటిని పీకి నోట్లో పెట్టుకుంటారు. సేఫ్టీ ఐస్ అని అమ్మే ప్లాస్టిక్ కళ్లు కూడా అల్లిక సాగితే ఊడొస్తాయి. నల్ల ఊలుతో కళ్లు కుట్టమని రాయి, ఎన్నో వరుస మీద కుట్టాలో కూడా చెప్పు.