పొయ్యి లేని స్కూల్ స్టాల్‌కి నేనైతే పూతరేకులే చెబుతాను

ప్రశ్న అడిగినావిడ వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి అని, స్కూల్ ఫెస్ట్‌లో స్వీట్ల స్టాల్ పెడుతోందని, గ్యాస్ పొయ్యి గానీ ఇండక్షన్ గానీ తేకూడదని టీచర్లు గట్టిగా చెప్పారని రాశారు. వండకుండా చేసేవి ఏమున్నాయి అని అడిగారు. మా అమ్మాయి మూడేళ్ళు వరసగా ఇలాంటి స్టాల్ పెట్టింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: అక్కడికక్కడే పూతరేకులు చుట్టించండి. పక్కన పుట్నాల లడ్డూ పెట్టండి. మూడోది వద్దు.

మొదటి ఏడాది మేమూ వీడియోలు చూసి బిస్కెట్లు పొడి చేసి, కోకో, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి ఉండలు చుట్టాం. పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు గోలీల్లా ఉన్నాయి. పదకొండయ్యేసరికి టెంటు వేడికి ఒకదానికొకటి అంటుకుని ముద్దైపోయాయి. పైగా మరో నాలుగు స్టాళ్ళలో కూడా అవే ఉండలు! అందరూ చూసింది ఒకే వీడియో మరి. సగం ఇంటికి మోసుకొచ్చాం. రెండో ఏడాది పుట్నాల లడ్డూ పెడితే బానే పోయాయి. మూడో ఏడాది సంగతే మీకు చెప్పాలి.

మాది రావులపాలెం. పూతరేకులకి పేరున్న ఆత్రేయపురం దగ్గరే. 2023 నవంబరు 14, బాలల దినోత్సవం. దీపావళి వెళ్ళి రెండు రోజులే అయింది. ఇళ్ళల్లో ఇంకా స్వీట్లు మిగిలే ఉన్నాయి, ఎవరు కొంటారని నాకు ఒకటే టెన్షన్. ముందురోజు ఆత్రేయపురం వెళ్ళి ఉత్త రేకులు వంద కొన్నాం. కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి ఒక్క లాగు లాగి తీసే రేకులు. ఆ మంట పని అంతా వాళ్ళే చేసేశారు, మనం చుట్టుకోవడమే మిగిలింది. అట్టపెట్టెలో పెట్టిస్తే, స్కూటర్ మీద మా అమ్మాయి పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గ్రౌండ్‌లోకి వెళ్ళాక తెలిసింది, మేం గాలి సంగతి ఆలోచించలేదని. మొదటి రేకు పళ్ళెంలో పెట్టగానే లేచిపోయింది. రెండోది చేత్తో పట్టుకుంటే పెళపెళమని విరిగింది. మూడోదానికి భయంతో ఎక్కువ నీళ్ళు అద్దితే గంజిలా అతుక్కుపోయింది. ఐదు రేకులు పోయేసరికి పిల్ల కళ్ళల్లో నీళ్ళు. "అమ్మా, నువ్వు చుట్టు" అంది. నేను చుట్టనన్నాను. ఇంటి దగ్గర మా అత్తయ్య చెప్పిన మాట గుర్తు చేశాను: గుడ్డ తడిపి పిండు, మళ్ళీ పిండు, ఇక చుక్క రాదనుకున్నాక అప్పుడు రేకు మీద వేసి తియ్యి. అట్టపెట్టెని అడ్డంగా పడుకోబెట్టి, తెరిచిన వైపు మా వైపు తిప్పి, పళ్ళెం లోపల పెట్టాం. గాలి ఆగింది.

ఆరో రేకు కుదిరింది. గుడ్డ వేసి మనసులో మూడు లెక్కపెట్టి తీసింది. అంతసేపూ పెళపెళలాడిన రేకు జేబురుమాలులా మెత్తబడింది. వేళ్ళతో నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, విరిగిన ముక్కలు లోపల పరిచి, రెండు పక్కలా మడిచి చుట్టేసింది. తల ఎత్తి చూస్తే ఎదురుగా ఆరో తరగతి పిల్లాడు. "అక్కా, నేను చుట్టొచ్చా?" అన్నాడు.

చేతులు సబ్బుతో కడుక్కుని రమ్మన్నాం. పరుగెత్తి వెళ్ళి, తడి చేతులు చొక్కాకి తుడుచుకోబోయి మళ్ళీ ఆగి, గాల్లో విదిలించుకుంటూ వచ్చాడు. వాడు చుట్టింది వంకరగా, ఒక పక్క లావుగా వచ్చింది. అయినా తినకుండా పట్టుకెళ్ళి క్లాసులో అందరికీ చూపించాడు. ఆ తర్వాత మా టేబుల్ ముందు లైను కట్టారు. చిన్నప్పటినుంచీ డబ్బాల్లో పూతరేకులు తింటూ పెరిగిన కోనసీమ పిల్లలే వాళ్ళు. చుట్టడం చూసినవాళ్ళు మాత్రం పదిమంది కూడా లేరు! ఆ ఏడాదే ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని మా అమ్మాయి చార్టు మీద రాసి పెట్టింది. పెద్దలు అది చదివి కొన్నారు, పిల్లలు చుట్టడానికి కొన్నారు. పన్నెండున్నరకి రేకులన్నీ అయిపోయాయి.

అందుకే అంటాను, స్టాల్‌లో అమ్ముడుపోయేది రుచి ఒక్కటే కాదు, కళ్ళముందు జరిగే పని. ఆ పని కూడా పిల్లలే చెయ్యాలి. చాలా స్టాళ్ళలో అమ్మ చేస్తుంది, అమ్మ అమ్ముతుంది, అమ్మే డబ్బులు లెక్కపెడుతుంది, పిల్లలు యూనిఫాం వేసుకుని పక్కన ఫొటోకి నిలబడతారు. నాకది చూస్తే బాధేస్తుంది. ప్రాజెక్టులూ అంతే, చార్టులూ అంతే. ఒక్క పూటైనా వాళ్ళ చేతులకి బెల్లం అంటనివ్వండి.

గ్లోవ్స్ గురించి కూడా చెప్పాలి. ఆ రోజు ప్లాస్టిక్ గ్లోవ్స్ తప్పనిసరన్నారు. అవి నెయ్యికి జారుతున్నాయి, రేకుకి అంటుకుంటున్నాయి. అవే గ్లోవ్స్‌తో నోట్లు పట్టుకుని, మళ్ళీ స్వీట్ పట్టుకున్న స్టాళ్ళు నేను చూశాను. ఒకరు డబ్బు తీసుకుని, ఇంకొకరు శుభ్రంగా కడిగిన చేతులతో స్వీట్ మాత్రమే ముట్టుకుంటే దానికంటే ఎంతో మేలు. టీచర్‌గారికి ఇదే చెబితే విని ఒప్పుకున్నారు.

చిల్లర ముందే తెచ్చుకోండి. పిల్లల దగ్గర ఫోన్లుండవు, యాభై నోట్లుంటాయి. పది రూపాయల బిళ్ళలు చెల్లవని కొందరు పెద్దవాళ్ళే పిల్లలకి నేర్పుతున్నారు. రిజర్వు బ్యాంకు చెల్లుతాయని ఎన్నిసార్లు చెప్పినా ఆ పుకారు మాత్రం చావదు. మేం లడ్డూ పది, పూతరేకు ఇరవై పెట్టాం.

ఇక లడ్డూ లెక్క. కిలో పుట్నాలు, ముప్పావు కిలో బెల్లం, 300 గ్రాముల నెయ్యి, ఏలకుల పొడి. చిన్న నిమ్మకాయంత చేస్తే దాదాపు ఎనభై వస్తాయి. పుట్నాలు ముందే వేయించి ఉంటాయి కాబట్టి పొయ్యితో పనే లేదు. బెల్లం విడిగా మిక్సీలో వేస్తే ముద్దకడుతుంది, పుట్నాల పొడితో కలిపి తిప్పండి. నెయ్యి గడ్డకడితే గిన్నెని కాసేపు ఎండలో పెట్టండి, కరుగుతుంది. లడ్డూల్లో పల్లీలు మాత్రం కలపకండి. వేరుశనగ పడని పిల్లలుంటారు. పూతరేకుల్లోకి జీడిపప్పు కూడా మేం వేయలేదు. ఏం వేశారో ఒక అట్టముక్క మీద రాసి పెట్టడం మరచిపోవద్దు.

చలిమిడి చెయ్యొచ్చా అని ఎవరో కింద కామెంట్లలో అడిగారు. తడిపిండి, ఎండ పూట గంటలకొద్దీ బయట ఉంటే పులుపెక్కుతుంది, వద్దు. నాగుల చవితికి దంచే నువ్వుల చిమ్మిలి నాకు ప్రాణం, దానికీ పొయ్యి అక్కర్లేదు. కానీ పిల్లలు కొనరు, టీచర్లే కొంటారు. పచ్చికొబ్బరితో చేసేవేవీ వద్దు.

మీరు హైదరాబాద్‌లో ఉన్నామన్నారు కాబట్టి రేకులు ఆత్రేయపురం నుంచి కొరియర్‌లో తెప్పించుకోవచ్చు, ఉత్త రేకులే కావాలని గట్టిగా చెప్పండి. వంద కావాలంటే నూట ఇరవై ఆర్డరివ్వండి, దార్లో కొన్ని విరుగుతాయి. రెండు రేకులకి ఒక పూతరేకు లెక్కన వంద రేకులకి ముప్పావు కిలో బెల్లం పొడి, 300 గ్రాముల నెయ్యి సరిపోతాయి. స్టాల్ రోజుకి ముందు ఇంట్లో ఫ్యాన్ ఆపి ఒక పది చుట్టించండి, తర్వాత ఫ్యాన్ వేసి ఇంకో పది. అట్టపెట్టె ఎక్కడ అడ్డం పెట్టాలో అప్పుడు మీ అమ్మాయికే తెలుస్తుంది.