165 పౌండ్ల కేటగిరీ కోసం ఆగాలా?

ప్రశ్న: సర్, మాది హనుమకొండ. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, వయసు 17. రెండేళ్లుగా ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) నేర్చుకుంటున్నాను. నా బరువు 79 కిలోలు. 77 కిలోల కేటగిరీలో ఆడితే ఎదుటివాళ్లు మరీ పెద్దగా ఉంటున్నారని కోచ్ 70 కిలోలకు దిగమంటున్నారు. ఎంఎంఏ పోటీలు నడిపే అమెరికా సంస్థ యూఎఫ్‌సీ ఈ రెండింటి మధ్యలో 165 పౌండ్ల (దాదాపు 75 కిలోల) కేటగిరీ పెడితే నాకు సరిగ్గా సరిపోతుంది. పెడతారా? అప్పటిదాకా ఆగనా, ఇప్పుడే బరువు దించనా? నాన్నేమో ముందు ఇంజినీరింగ్ చెయ్, తర్వాత చూద్దాం అంటున్నారు.

జవాబు: తమ్ముడూ, ఆ కేటగిరీ పెట్టాలనే నేనూ అంటాను. కానీ దానికోసం ఆగొద్దు, 17 ఏళ్లకే 9 కిలోలు దించడం అంతకన్నా వద్దు.

పెట్టాలని ఎందుకంటున్నానంటే, యూఎఫ్‌సీలో మగవాళ్లకి 125 నుంచి 155 వరకూ పది పౌండ్లకో కేటగిరీ ఉంది. 155 దాటితే మాత్రం ఏకంగా 170. అంటే 70.3 కిలోల తర్వాత 77.1, మధ్యలో దాదాపు ఏడు కిలోల ఖాళీ, పైగా పోటీ విపరీతంగా ఉండేది కూడా అక్కడే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో చూడు, ఇదే మేరలో 147, 154, 160, 168 అని వరసగా ఉన్నాయి, మొత్తం మీద 17 కేటగిరీలు. 2022 మేలో చార్లెస్ ఒలివీరా లైట్‌వెయిట్ (155 పౌండ్ల) చాంపియన్‌గా ఉండి తూకంలో అర పౌండు ఎక్కువ తూగాడు. ఆ అర పౌండుకే టైటిల్ పోయింది, మర్నాడు ప్రత్యర్థి జస్టిన్ గేత్జీని మొదటి రౌండ్‌లోనే ఓడించినా బెల్టు తిరిగి రాలేదు. అమెరికాలో ఈ పోటీలను నియంత్రించే కమిషన్ల సంఘం 2017లోనే 165, 175, 195, 225 పౌండ్ల కేటగిరీలకు ఒప్పుకుంది. కాబట్టి రూల్స్ అడ్డం కాదు, యూఎఫ్‌సీ వాటిని తీసుకోలేదంతే. యూఎఫ్‌సీ అధినేత డేనా వైట్‌ని ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట, అక్కర్లేదని.

అసలు కేటగిరీలు పుట్టేదీ పోయేదీ వ్యాపారం లెక్కన. 2018లో 125 పౌండ్లనే ఎత్తేసేలా కనిపించారు, ఆ బరువులో ఆడే చాలామంది ఫ్లైవెయిట్లను వదిలేశారు, ఆ కేటగిరీని ఏళ్ల తరబడి ఏలిన డిమెట్రియస్ జాన్సన్‌ని వన్ చాంపియన్‌షిప్ అనే ఇంకో ఎంఎంఏ సంస్థకి ఇచ్చి బదులుగా అక్కడి ఫైటర్ బెన్ ఆస్క్రెన్‌ని తెచ్చుకున్నారు. 2023లో చాంపియన్ అమాండా నూనెస్ రిటైరయ్యాక ఆడవాళ్ల ఫెదర్‌వెయిట్ (145 పౌండ్లు) దాదాపు మూతపడింది. ఉన్నవాటికే గ్యారంటీ లేకపోతే, ఇంకా పుట్టని 165ని నమ్ముకోవడం ఆలు లేదు చూలు లేదు అన్న సామెతే అవుతుంది.

ఇంకో సంగతి, ఇది నువ్వు ఆలోచించినట్టు లేదు. రేపే 165 పెట్టారనుకో. అక్కడికి వచ్చేది నీలా 79 కిలోలున్న కుర్రాళ్లేనా? ఇప్పుడు 85 నుంచి 77కి దిగుతున్నవాళ్లలో కొందరు ఒంట్లో నీళ్లు ఇంకో రెండు కిలోలు పిండి అక్కడే దిగుతారు. తూకానికీ ఆటకీ మధ్య ఒక రోజు పైనే టైం ఉంటుంది కాబట్టి ఆ నీళ్లన్నీ తిరిగి ఎక్కించుకుని నీ ముందు నిలబడతారు. అంటే ఇప్పుడు 77లో నిన్ను భయపెడుతున్న సైజే అక్కడా ఎదురవుతుంది. కొత్త కేటగిరీ వల్ల కొందరికి ఊరట ఉంటుంది, నిజమే, కానీ నీళ్లు పిండే అలవాటు దానితో పోదు. 2015 డిసెంబర్‌లో వన్ చాంపియన్‌షిప్ పోటీకి ముందు యాంగ్ జియాన్‌బింగ్ అనే చైనా కుర్రాడు బరువు దించే ప్రయత్నంలోనే చనిపోయాడు, 21 ఏళ్లు. ఆ తర్వాతే ఆ సంస్థ మూత్ర పరీక్షతో ఒంట్లో నీరు తగ్గిందా లేదా చూడటం మొదలుపెట్టింది. కేటగిరీతో పాటు ఆ పరీక్ష కూడా రావాలి, అప్పుడే లాభం.

9 కిలోలు దించడమంటే చివరి వారం ఏం చేయిస్తారో నీకు తెలిసే ఉంటుంది, ఉప్పు ఆపడం, నీళ్లు ఆపడం, వేడినీళ్ల టబ్బు, ఆవిరి గది. పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ 50 కిలోల కోసం రాత్రంతా చెమటలు పట్టించి, చివరికి జుట్టు కూడా కత్తిరించుకుని, అయినా 100 గ్రాములు ఎక్కువై ఫైనల్ ఆడకుండా పోయింది. ఆవిడకి 29 ఏళ్లు, పక్కన డాక్టర్లు, కోచ్‌లు ఉన్నారు. నువ్వింకా ఎదిగే వయసులో ఉన్నావు, ఏడాదిలో నీ ఒళ్లే 83 కావచ్చు, అప్పుడు 70 అనే ప్రశ్నే ఉండదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రెండు మూడేళ్లు నీ సహజ బరువుకి దగ్గర్లో ఉన్న ఆటలోకి వెళ్లు. చైనా యుద్ధవిద్య వుషూలో సాండా అనే ఫైటింగ్ పోటీ ఉంది కదా, గుద్దులు, తన్నులు, పట్టి పడేయడం అన్నీ ఉంటాయి, సీనియర్స్‌లో 75, 80 కిలోల కేటగిరీలున్నాయి. 79కి 80 అంటే అన్నం మానక్కర్లేదు. యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయురాలు పూజా తోమర్ (2024 జూన్) వచ్చింది కూడా వుషూ నుంచే. ఎంఎంఏ నేర్చుకోవడం ఆపమనట్లేదు, 2026 ఐచి-నగోయా ఆసియా క్రీడల్లోకి అదీ చేరింది. కానీ స్పోర్ట్స్ కోటా సీటుకైనా ఉద్యోగానికైనా నోటిఫికేషన్‌లో ఏ ఆట పేరు ఉందో అదే లెక్క, కాబట్టి ఏ టోర్నీకి ఫీజు కట్టినా ఆ సర్టిఫికెట్ ఏ ఫెడరేషన్ ఇస్తుందో ముందు అడుగు. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ చాంపియన్, పారిస్‌లో ఆ కేటగిరీ లేకపోతే 50కి మారి 2023లో అక్కడా గెలిచింది, ఒలింపిక్స్‌లో పతకం రాకపోయినా ఇవాళ తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ. రెండు కిలోలే మారింది, అదీ పెద్దయ్యాక, చూసుకునేవాళ్లుండగా.

నాన్నగారి మాట కొట్టేయకు. వరంగల్‌లోనే బీటెక్ చేరితే జిమ్ మారక్కర్లేదు, సాయంత్రాలు నీవే. ఆటే చదువు కావాలంటే ఇంఫాల్‌లోని నేషనల్ స్పోర్ట్స్ యూనివర్సిటీలో స్పోర్ట్స్ కోచింగ్ డిగ్రీ ఉంది, పటియాలాలోని ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా శిక్షణ సంస్థ)లో డిగ్రీ తర్వాత కోచింగ్ డిప్లొమా ఉంది. ఫిజియోథెరపీ మాత్రం నీ ఎంపీసీతో కుదరదు. నన్నడిగితే బీటెక్, సాండా రెండూ కలిపి నడపమంటాను.

ఈ వారం రోజులు పొద్దున్నే ఖాళీ కడుపుతో బరువు చూసి రాసుకో. ఆ కాగితం పట్టుకుని నాన్నగారిని వెంటబెట్టుకుని కోచ్ దగ్గరికి వెళ్లి, పద్దెనిమిది నిండేదాకా నీళ్లు ఆపి బరువు దించే పని చెయ్యను సర్, 77లోనో 80లోనో ఆడించండి అని చెప్పు. ఆయన ఒప్పుకోకపోతే నాకు మళ్లీ రాయి, వేరే కోచ్‌ని ఎలా ఎంచుకోవాలో చెబుతాను.