సంక్రాంతికి అత్తారింటికి కారులో: ఖర్చు ఎవరెవరిది?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 72,000 చేతికొస్తుంది. అద్దె 17,000, కారు వాయిదా 11,500, ఇద్దరు పిల్లల చదువులు, ఇంటి ఖర్చులు పోను ఆరేడు వేలు మిగులుతాయి. బ్యాంకులో 25,000 ఉంది. మా ఆవిడది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ప్రతిసారీ తనే పిల్లల్ని వెంటేసుకుని బస్సులో వెళ్లొస్తోంది. నేను వెళ్లింది రెండుసార్లే. ఈ సంక్రాంతికి అందరం కారులో వెళ్దామనుకుంటున్నాం. దారిలో విజయవాడలో ఒక రాత్రి, కనుమ నుంచి దిండిలో రెండు రాత్రులు రిసార్టు, బట్టలు, స్వీట్లు, పెట్రోలు అన్నీ కలిపి 60,000 తేలింది. ఒక యాప్ 16 శాతం వడ్డీకి 50,000 పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. అప్పు మాత్రం వద్దు. పండగకి ఇంకా మూడు నెలలుంది కాబట్టి అప్పు లేకుండానే వెళ్లిరావచ్చు.

ముందు ఆ లోన్ సంగతి చూద్దాం. 50,000కి 16 శాతం చొప్పున ఏడాది వాయిదా నెలకు సుమారు 4,540 పడుతుంది. మొత్తం వడ్డీ 4,440 దాకా అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి ఇంకో 1,180 ముందే కోసుకుని మిగతాది మీ ఖాతాలో వేస్తారు. ఫిబ్రవరిలో మొదలయ్యే వాయిదా మళ్లీ జనవరికి గానీ తీరదు. వచ్చే ఏడాది భోగిమంట వేసే వేళకి కూడా మీరు ఈ ఏడాది పండగ బాకీ కడుతుంటారు. మధ్యలో జూన్‌లో స్కూలు ఫీజులొస్తాయి. మిగిలే ఆరేడు వేలల్లో నాలుగున్నర వేలు వాయిదాకే పోతే ఆ ఫీజులకి క్రెడిట్ కార్డు తీయాల్సొస్తుంది. కార్డు బాకీ మిగిలిపోతే నెలకు మూడు శాతం పైనే వడ్డీ. నా దగ్గరకొచ్చే చాలా కుటుంబాల అప్పుల కథ ఇలాంటి చిన్న లోన్‌తోనే మొదలైంది.

ఇక అసలు ఖర్చు. మీ ఊరికి రానూపోనూ, అక్కడ తిరుగుళ్లతో కలిపి 1,100 కిలోమీటర్లు వేసుకుందాం. లీటరుకు 16 కిలోమీటర్లిస్తే, లీటరు 110 చొప్పున 7,600 అవుతుంది. టోలుకి 1,500, దారిలో తిండికి 2,000, బయల్దేరే ముందు టైర్లు, బ్రేకులు, బ్యాటరీ చూపించడానికి 3,000. ఇది 14,100. సుమారు మూడు వేల ఫాస్టాగ్ వార్షిక పాస్ కొనమని ఎవరైనా చెబితే ఆలోచించండి. 2025 ఆగస్టు 15న మొదలైన ఆ పాస్‌తో ఏడాదిలో 200 సార్లు జాతీయ రహదారి టోల్ గేట్లు దాటొచ్చు. కానీ మీ ప్రయాణంలో దాటేది పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు లాంటి కొన్ని గేట్లే. ఈ ఒక్క ప్రయాణానికైతే పాస్ గిట్టదు. ఏడాది పొడవునా హైవే ఎక్కేవాళ్లకి మంచిదే.

విజయవాడలో హోటల్ ఎందుకు పెట్టుకున్నారో అర్థమైంది: పిల్లలతో అంత దూరం. భోగికి ముందు రోజు కాకుండా మూడు రోజుల ముందే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే పంతంగి దగ్గర రద్దీ తప్పుతుంది, సాయంత్రం లోపే సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటి, రావులపాలెంలో కుడికి తిరగొచ్చు. అయినా నిద్ర ముంచుకొస్తే మాత్రం డబ్బు చూసుకోకండి, ఆగి పడుకోండి.

ఇక మీరు రాయని ఖర్చు ఒకటుంది. నేను ఇంత పొడుగు జవాబు రాస్తున్నది దాని కోసమే.

మాది పాలకొల్లు వైపు. పెళ్లయిన కొత్తలో మేమూ కారులో వెళ్లేవాళ్లం. పెట్రోలు మాది, టోలు మాది, నాన్నగారి మీద భారం పడలేదు కదా అనుకునేదాన్ని. ఆయన పోయాక బీరువాలో ఎర్ర అట్ట చిట్టా పుస్తకం దొరికింది. ఒక జనవరి పేజీలో పెన్సిల్‌తో ఇలా రాసుంది: "అమ్మాయి, అల్లుడుగారి రాక. బట్టలు, బెల్లం, నెయ్యి, చేపలు, రొయ్యలు. 11,350." కింద ఇంకో వరుస: "కొబ్బరి షావుకారు బయానా 10,000." రాబోయే దింపు, అంటే కొబ్బరికాయల కోత మీద ముందే డబ్బు తెచ్చుకున్నారన్నమాట. బయానా తీసుకున్న రైతుకి వెయ్యి కాయల ధర దగ్గర బేరమాడే నోరుండదు, షావుకారు చెప్పిందే ధర. ఆ పండగకి నాన్నగారు నా చేతిలో పెట్టిన పట్టుచీర ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ పేజీ చూశాక దాన్ని కట్టుకోవాలంటే గుండె బరువెక్కుతుంది.

మీ మావయ్యగారింట్లో ఇలాగే ఉంటుందని అనను. కానీ కోనసీమలో అల్లుడు కారు దిగాడంటే ఆ ఇల్లు తన స్తోమత చూసుకోదు. మీరు రిసార్టుకి లెక్కేసిన డబ్బులో కొంత ఆ ఇంటికి చేరాలి, అదీ వాళ్ల మర్యాదకి భంగం లేకుండా. మీరు మావయ్యగారితో "ఖర్చు పెట్టకండి" అంటే నొచ్చుకుంటారు. మీ ఆవిడ చేత వాళ్లమ్మగారికి ముందే చెప్పించండి: "మాకు బట్టలు వద్దమ్మా, పిల్లలకి చాలు" అని. డబ్బు చేతికిస్తే "ఆడపిల్ల సొమ్ము ముట్టుకోం" అంటారు. అందుకని ఒక 6,000 పక్కన పెట్టి వేరే దారిలో ఖర్చు చేయండి. ఇద్దరికీ బీపీ, షుగరు మందులుంటే చీటీ ఫోటో తెప్పించుకుని మూడు నెలలకి సరిపడా ఇక్కడే కొని పట్టుకెళ్లండి. చేపల బజారుకి బావమరిదితో కలిసి మీరే వెళ్లండి. ఊళ్లో కిరాణా కొట్టు పండగ పద్దు మీ ఆవిడ కట్టేస్తే ఎవరూ కాదనరు. అత్తయ్యగారికీ మావయ్యగారికీ బట్టలకి 4,000. మొత్తం 24,100 అయింది.

హైదరాబాద్ నుంచి స్వీట్లు మోసుకెళ్లకండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు మీరు వెళ్లే దారి పక్కనే. ఆ ఇంట్లో అప్పటికే అరిసెలు, పోకుండలు డబ్బాలకెత్తి ఉంటాయి. ఉస్మానియా బిస్కెట్లు రెండు డబ్బాలు చాలు.

దిండి అందమైన చోటు, కాదనను. కానీ అంబాజీపేట అల్లుడు కనుమ రోజున రిసార్టులో ఉండటమేమిటండీ! ఆ రోజు మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంటే దేవుళ్లని అలంకరించిన ఎత్తైన ప్రభల మీద మోసుకొచ్చే జాతర. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలనైతే పచ్చటి వరిచేలల్లోంచి, ఆ పైన కౌశిక కాలువ నీళ్లల్లోంచి భుజాల మీద ఎత్తుకుని తెస్తారు. నీళ్లు నడుం దాకా ఉన్నా ప్రభ ఒరగనివ్వరు, ఒడ్డున జనం "శరభ శరభ" అని అరుస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. 2023 గణతంత్ర దినోత్సవానికి ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వెళ్లింది ఈ తీర్థమే. మీ ఆవిడ చిన్నప్పుడు ఎవరి భుజం మీద కూర్చుని చూసిందో అడగండి. మీ పిల్లల్ని మీరు ఎత్తుకోండి. దీనికి టికెట్టు లేదు. మర్నాడు అంతర్వేది వెళ్లి గోదారి సముద్రంలో కలిసే చోటు చూసి రండి.

కోడిపందేల బరి వైపు మాత్రం వెళ్లొద్దు. అది చట్టవిరుద్ధం. చూడ్డానికని వెళ్లినవాళ్లే పక్కవాడి మాట మీద పైపందేలు కాసి, ఫోన్‌లోంచి ఐదొందలు ఐదొందలుగా ముప్పై వేలు పోగొట్టుకుని నా దగ్గరకొచ్చారు. మొహమాటానికి పోతే ఈ లెక్కంతా ఒక్క మధ్యాహ్నంలో కొట్టుకుపోతుంది.

ఇక డబ్బు సర్దుబాటు. ఈ నెల నుంచి జీతం పడిన రోజే 5,000 వేరే ఖాతాకి మార్చండి. మూడు నెలలకి 15,000. మిగతా 9,100 మీ దగ్గరున్న 25,000 లోంచి తీయండి, దాదాపు 16,000 అలాగే ఉంటుంది. అది చాలా తక్కువ, ఎవరికైనా జ్వరమొస్తేనే ఖాళీ అవుతుంది. కాబట్టి తిరిగొచ్చాక మొదటి పని దాన్ని నింపడం. దాంతోపాటు ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా నెలకు 2,200 విడిగా వేస్తే వచ్చే పండగకి 24,200 సిద్ధంగా ఉంటుంది.

ఇవాళ రాత్రి ఈ లెక్క మీ ఆవిడ ముందు పెట్టండి. మీ ఉత్తరంలో ఆవిడ ఏమనుకుంటోందో ఒక్క ముక్క లేదు. ఆ ఊరు ఆవిడది. ఎన్ని రోజులుండాలో, ఎవరింటికి భోజనానికి వెళ్లాలో ఆవిడనే చెప్పమనండి, ఆ తర్వాతే ఆఫీసులో సెలవు పెట్టండి.