సిన్స్, ఫర్: రెండింటికీ తెలుగులో ‘నుంచి’ అనే అంటాం. తేడా ఎలా పట్టుకోవాలి?

చిక్కంతా ఆ ‘నుంచి’తోనే. ‘2019 నుంచి ఇక్కడే ఉంటున్నా’ అంటాం, ‘ఐదేళ్ల నుంచి ఉంటున్నా’ అనీ అంటాం. ఇంగ్లిష్‌లో మొదటిదానికి సిన్స్, రెండోదానికి ఫర్. అందుకే ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ తప్పు.

సిన్స్ తర్వాత పని మొదలైన సమయం రావాలి: 2019, సోమవారం, చిన్నతనం. ఫర్ తర్వాత గడిచిన కాలం ఎంతో చెప్పాలి: రెండు గంటలు, మూడు వారాలు. అనుమానం వస్తే తెలుగు వాక్యంలోనే ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘ఐదేళ్లుగా ఉంటున్నా’ చక్కగా కుదిరింది, కాబట్టి ఫర్. ‘సోమవారంగా’ అనలేం, కాబట్టి సిన్స్. వ్యాకరణ సూత్రాల కంటే ఈ పరీక్షే తొందరగా పట్టుబడుతుంది.

ఇంటర్వ్యూల్లో ఎక్కువగా దొర్లే తప్పు మాత్రం క్రియలో ఉంటుంది. ‘పనిచేస్తున్నా’ అనే మాటను యథాతథంగా మార్చి ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అంటారు. ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’ అనాలి. అదే ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్’ అంటే ఆ ఉద్యోగం ముగిసిపోయిందని అర్థం. ఇక్కడ సిన్స్ పనికిరాదు.

‘పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నా’ అనడానికి ఫ్రమ్ వాడకండి. ‘ఐ హావ్ బీన్ హియర్ సిన్స్ దిస్ మార్నింగ్’ అనండి. ఫ్రమ్‌కు సాధారణంగా ముగింపు సమయం కూడా తోడుండాలి: ఫ్రమ్ నైన్ టు ఫైవ్.