హవల్దార్ గారిని అడగండి: ట్రేసర్ వెలుగు ఆరిపోతే తూటా ఆగినట్టు కాదు

ప్రశ్న: హవల్దార్ గారూ నమస్తే. మా తమ్ముడు ఈ ఏడే పారామిలిటరీలో చేరాడండి. ట్రైనింగ్‌లో నైట్ ఫైరింగ్ అయిందంట, ఫోన్ చేసి ఒకటే దిగులు. ట్రేసర్ రౌండ్లు (పోయే దారి కనపడేలా వెలుగుతూ పోయే తూటాలు) ఇచ్చారన్నా, ఎర్రగా వెళ్ళి సూటిగా టార్గెట్‌లో దిగినట్టే కనపడింది, తీరా బట్ (టార్గెట్లు నిలబెట్టే మట్టిగట్టు) దగ్గరికెళ్ళి చూస్తే కాగితం మీద చిల్లే లేదు అంటాడు. అసలివి ఎలా పనిచేస్తాయి, వాడెక్కడ పొరపాటు పడ్డాడు? – ఒక అన్న, పర్లాకిమిడి

జవాబు: ముందు మీ తమ్ముడికి దిగులు పడొద్దని చెప్పండి. నేను వెపన్ ట్రైనింగ్ ఉస్తాద్‌గా ఉన్నన్నాళ్ళూ ఈ పొరపాటు చెయ్యని రిక్రూట్ నాకు కనపడలేదు. మొదటి రౌండ్ ఎర్రగా పోగానే కళ్ళు దాని వెంట పడతాయి, తల కొంచెం లేస్తుంది, బుగ్గ రైఫిల్ వెనక చెక్క మీంచి జారుతుంది, రెండో రౌండ్ ఫోర్‌సైట్ (గొట్టం చివర గురి చూసే మొన) చూసి కాకుండా ఆ వెలుగు పోయిన దారి చూసి కొడతారు, ఇంక కాగితానికి ఎలా తగులుతుంది చెప్పండి.

ఇంకోటుంది. కాల్చేవాడి కంటికి వెలుగు దూరం తెలీదు. టార్గెట్ పైనుంచి దాటిపోయేది కూడా చీకట్లో టార్గెట్‌లోనే దిగినట్టు కనపడుద్ది. అందుకే పక్కన కొంచెం ఎడంగా పడుకున్న జోడీదారు చూసి చెప్పాలి, ఎడమకి పోయింది, పైకి పోయింది అని. మీవాడు మాత్రం కళ్ళు సైట్ మీదే పెట్టి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కి, జోడీదారు మాట విని దిద్దుకోవాలి. ఇది చేస్తే సగం జబ్బు పోతుంది.

ఎలా పనిచేస్తుందంటే, తూటా వెనకవైపు చిన్న గుంత ఉంటుంది, అందులో మెగ్నీషియం, స్ట్రాన్షియం నైట్రేట్ లాంటివి కలిపిన మందు గట్టిగా కూరి ఉంటుంది. ఎరుపు స్ట్రాన్షియం వల్లే, మన దీపావళి ఎర్ర అగ్గిపుల్లల్లో ఉండేది కూడా అదే జాతి. రష్యా వాళ్ళు బేరియం వేస్తారు, అది ఆకుపచ్చగా మండుతుంది. గన్‌పౌడర్ మంట ఈ మందుని అంటిస్తుంది, కానీ కాల్చినోడి చోటు బయటపడకూడదని చాలా రకాల్లో మొదటి కొన్ని పదుల మీటర్లు మసగ్గా మండి తర్వాతే బాగా వెలిగేలా చేస్తారు. బ్రిటిష్ వాళ్ళు 1915లో మొదలుపెట్టారు దీన్ని, గాల్లో విమానాల మీద కాల్చేటప్పుడు తూటా ఎటు పోతోందో తెలియట్లేదని. మన గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా, విమానాలని కొట్టే గన్లకి ఇప్పటికీ ట్రేసర్ కావాల్సింది అందుకే.

మందు మండే కొద్దీ తూటా తేలికవుతుంది కాబట్టి మామూలు బాల్ రౌండ్ (వెలగని తూటా) పోయే దారీ దీని దారీ అచ్చం ఒకటి కాదు, దగ్గర్లో తేడా తెలీదు గానీ దూరం పెరిగితే తెలుస్తుంది. అందుకని రైఫిల్ జీరో చెయ్యడం (గురి పెట్టిన చోటే తగిలేలా సైట్ సరిచెయ్యడం) ఎప్పుడూ బాల్‌తోనే చెయ్యాలి, ట్రేసర్‌తో చేస్తే ఏడాదంతా బాధే. మెషిన్ గన్ బెల్టులో సాధారణంగా నాలుగు బాల్, ఒక ట్రేసర్ ఉంటాయి, అంటే కంటికి కనపడే ఒక్కో వెలుగు మధ్య కనపడనివి నాలుగు పోతున్నాయి. ఇది బట్ పార్టీలో (టార్గెట్ల దగ్గర పనిచేసేవాళ్ళలో) ఉన్నోళ్ళు మర్చిపోకూడదు.

రైఫిల్‌కి ట్రేసర్ వల్ల నిజమైన ఉపయోగం టార్గెట్ చూపించడం. సెక్షన్ కమాండర్ ఒక రౌండ్ వేసి అదిగో ఆ చెట్టు మొదలు అంటే అందరికీ అర్థమవుతుంది. అయితే అవతలోడికి కూడా మనం ఎక్కడున్నామో అర్థమవుతుంది, కాబట్టి వేసినోడు వెంటనే జాగా మార్చాలి. కొందరు కుర్రాళ్ళు మ్యాగజైన్‌లో (రైఫిల్‌కి తగిలించే తూటాల డబ్బాలో) ఆఖరికొచ్చే రెండు మూడు ట్రేసర్లు పెడతారు, అయిపోతోందని తెలియడానికి. నాకు నచ్చదు ఆ అలవాటు. లెక్క పెట్టుకోవడం నేర్చుకోవాలి గానీ మన మ్యాగజైన్ ఖాళీ అని ఎదుటోడికి దీపం పెట్టి చెప్తామా.

ఇక అసలు ప్రమాదం. 7.62 మి.మీ. మెషిన్ గన్ ట్రేసర్ వెలుగు అమెరికా మాన్యువల్ లెక్కలో సుమారు 900 మీటర్లకి ఆరిపోతుంది, కానీ అదే గన్ తూటా 3,725 మీటర్ల దాకా పోగలదు. వెలుగు ఆరింది కదా అని ఫైరింగ్ రేంజ్ వెనక ఎవరైనా కదిలితే ఏమవుద్దో ఆలోచించండి. రాయి మీద పడితే మండుతూనే పైకి ఎగిరి పక్కకి పోతుంది, ఇనప ప్లేటు మీద ట్రేసర్ అస్సలు కొట్టకూడదు. ఎండాకాలం గడ్డి ఉన్న రేంజ్‌లో అయితే నిప్పు ఖాయం. 2009 జూలైలో ఫ్రాన్స్‌లో మార్సెయ్ దగ్గర సైన్యం ప్రాక్టీసులో ట్రేసర్ వల్ల మంటలు లేచి వెయ్యి హెక్టార్లకి పైనే కాలిపోయింది. నా సర్వీసులో ఒక ఏప్రిల్‌లో బట్ పక్క రెల్లుగడ్డి అంటుకుంది, మేం పచ్చికొమ్మలు విరిచి కొట్టి కొట్టి మధ్యాహ్నానికి ఆపాం, చేతులు బొబ్బలెక్కాయి. అప్పట్నుంచి గడ్డి కోయించి, ఇసక బకెట్లు పెట్టి, ఫైరింగ్ అయ్యాక గంటసేపు మనుషుల్ని అక్కడే కాపలా ఉంచకుండా నేను రేంజ్ వదల్లేదు. మండే తూటా మీద నీళ్ళు కాదు, ఇసక పొయ్యాలి. ఫైరింగ్ అయ్యాక బ్యారెల్ మామూలుకన్నా ఎక్కువసార్లు పుల్‌త్రూ (గొట్టం లోపల తుడిచే గుడ్డ కట్టిన తాడు) లాగమనండి, మసి ఎక్కువ వదుల్తుంది ఇది.

ప్రశ్న: అయ్యా, మా పల్లె పక్క కొండ కింద ఫైరింగ్ చేస్తారు. మా గుంటడు ఆవుల్ని తోలుకెళ్ళి మూతికి రంగున్న తూటా ఒకటి తెచ్చాడు, కాల్చనిదే. దీపావళికి పొయ్యిలో వేస్తానంటున్నాడు, నాకు భయంగా ఉంది. – ఒక తల్లి, బరంపురం దగ్గర

జవాబు: అమ్మా, నువ్వు భయపడ్డమే మంచిదైంది. పొయ్యిలో వేస్తే ఇత్తడి డొక్క పగిలి ముక్కలు కళ్ళలోకి వస్తాయి, లోపల మందు మండితే ఆపడం ఎవరి వల్లా కాదు. సుత్తితో కొట్టడం, మూతి పీకడం, ఎండలో పెట్టడం ఏదీ వద్దు. రంగు చూసి ఇది ఫలానా అనుకోవద్దు, ఒక దేశంలో ఆకుపచ్చ మూతి ట్రేసర్, ఇంకో దేశంలో ఆకుపచ్చ మూతి మామూలు తూటా.

బస్సెక్కి పోలీస్ స్టేషన్‌కి పట్టుకెళ్ళకు. ఇంట్లో దాచకు కూడా, లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా 1959 ఆయుధాల చట్టం కింద నేరమే. అది ఇప్పుడెక్కడుందో అక్కడే ఉంచి, పొయ్యికి దగ్గరుంటే మాత్రం మెల్లగా దూరంగా నేల మీద పెట్టి, 112కి ఫోన్ చెయ్యి. పిల్లాడికి దొరికింది, ఫలానా చోట దొరికింది అని ఉన్నదున్నట్టు చెప్పు, సర్పంచ్‌ని కూడా పక్కన ఉంచుకో. గుంటణ్ణి కొట్టకు, కొడితే రేపు ఇంకోటి దొరికినప్పుడు నీకు చెప్పడు. ఫైరింగ్ రోజులు ముందే పల్లెకి చెప్పించమని సర్పంచ్ చేత రాయించు, అలాంటి ఫైరింగ్‌కి 1938 నాటి చట్టం ఉంది, చేనుకి నష్టం జరిగితే పరిహారం అడగొచ్చని కూడా అందులో ఉంది. పోలీసులొచ్చే దాకా కోళ్ళని కూడా అటు పోనివ్వకమ్మా.